పుల్కాల ఇంట్లో నోటి పూత

ఆ పళ్ళ డాక్టరు చెప్పింది నేను విన్నాను.

ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మా బంధువుల్లో అందరూ అనుకునేది వేరు. పిల్లకి ఏళ్ళ తరబడి నోరు పూస్తుంటే ఎవరికీ ఏమీ తోచలేదని, డాక్టర్లు కూడా పోల్చుకోలేకపోయారని, చివరికి తల్లి వంటే దాని ప్రాణం మీదికి తెచ్చిందని. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో మొన్నటిదాకా ఆ కథే తిరిగింది. అది నిజం కాదు. ఒక డాక్టరు చాలా ముందే పోల్చుకుంది. నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆ మాటని నేను ఇంటిదాకా తీసుకెళ్ళలేదు.

అప్పటికి మా అమ్మాయి హైస్కూల్లో ఉంది. గచ్చిబౌలిలో మా ఆఫీసు వెనక సందులో, మందుల షాపు మీద చిన్న పళ్ళ క్లినిక్. ఆఫీసుకి దగ్గర కాబట్టి అక్కడికి తీసుకెళ్ళాను, అంతకుమించి వేరే కారణం లేదు. సాయంత్రం వేళ. నా కుడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉంది. అవతల క్లయింట్‌తో కాల్ నడుస్తోంది. నేను మ్యూట్‌లో ఉన్నాను. మా ఉద్యోగాల్లో సగం జీవితం అలాగే గడుస్తుంది. కూరగాయల బండి దగ్గర, లిఫ్టులో, పిల్లల స్కూల్లో టీచరు ఎదురుగా, ఒక చెవి ఇక్కడ, ఒక చెవి అక్కడ. రెండు చోట్లా ఉన్నామనుకుంటాం.

డాక్టరు నడివయసు మనిషి. చేతిలో లైటు పట్టుకుని పిల్ల మీదికి వంగింది.

"నోరు పెద్దగ తెరువు బిడ్డా. ఇగో, నాలుక కింద ఇంకో రెండున్నయి. ఎన్ని దినాల సంది గిట్ల?"

"తగ్గుతాయి మేడం. మళ్ళీ వస్తాయి," అంది మా అమ్మాయి.

"తగ్గినంక ఎన్ని దినాలకు మల్లొస్తయి?"

"పూర్తిగా తగ్గకముందే వస్తాయి."

ఆవిడ తొందరపడలేదు. పన్ను ఎక్కడైనా గీసుకుంటోందేమోనని వేలితో తడిమి చూసింది. ఏ పేస్టు వాడతావంది. నురగ ఎక్కువొచ్చే పేస్టు కొందరికి పడదని, మార్చి చూడమంది. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా, పరీక్షల భయమా, ఇంట్లో ఇంకెవరికైనా నోరు పూస్తుందా, కళ్ళల్లో మంటలు గాని, వేరే చోట పుండ్లు గాని ఉన్నాయా అని ఒక్కొక్కటే అడిగింది. కడుపు సంగతి అడిగేసరికి పిల్ల సిగ్గుపడి, తిన్నాక ఉబ్బినట్టుంటుందని మెల్లగా చెప్పింది. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత పిల్లని నోరు పుక్కిలించమని బయటికి పంపి, నా వైపు తిరిగింది.

"సార్, జర ఆ ఫోన్ తీస్తరా?"

"మ్యూట్‌లో ఉంది మేడం. చెప్పండి, వింటున్నాను."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. "అందరికీ అప్పుడప్పుడు నోరు పూస్తది సార్. బుగ్గ కొరుక్కుంటే పూస్తది, నిద్ర లేకుంటే పూస్తది. వారం పది దినాలల్ల అదే మానుతది. దానికి నేను ఫికర్ చెయ్య. ఈ పిల్లకు గట్ల లేదు. కండ్ల కింద రెప్ప తీసి చూసిన, తెల్లగున్నది. రక్తం తక్కువున్నట్టుంది. వయసుకు తగ్గ పొడుగు లేదు. కడుపు ఉబ్బుతదంటుంది. ఐరన్, బి పన్నెండు చూపియ్యాలె. ఇంకోటి, గోధుమ పడుతలేదేమో. దానికి గుడ రక్తం టెస్టుంటది, అది చేపియ్యండి. అందాక గోధుమ బంద్ చెయ్యొద్దు. ముందే బంద్ చేస్తే టెస్టుల దొరకదు."

"గోధుమా?" నేను నవ్వాను.

"నవ్వకున్రి సార్. మనం బియ్యం తినేటోళ్ళం కాబట్టి ఎవ్వరికీ తట్టదు. కాగితం రాసియ్యాల్నా?"

సరిగ్గా అప్పుడే కుడి చెవిలో నా పేరు పిలిచారు. వేలెత్తి ఆవిడని ఆగమన్నాను. మ్యూట్ తీసి, ఏదో జవాబు చెప్పి, మళ్ళీ మ్యూట్ పెట్టాను. "ఇప్పుడొద్దు మేడం. పిల్ల పరీక్షలయ్యాక వస్తాం," అన్నాను. ఆవిడ పుండ్ల మీద రాసే ఆయింట్‌మెంటు, పుక్కిలించే మందు రాసిచ్చింది. "పరీక్షలయినంక మర్చిపోకున్రి," అని తలుపు దాకా వచ్చి చెప్పింది.

కారెక్కాక మా అమ్మాయి అడిగింది. "డాక్టర్ ఏమన్నారు నాన్నా?"

"ఏం లేదు తల్లీ. వేడి చేసిందంట. టెన్షన్ పడొద్దంది."

"ఇంతేనా?"

"ఇంతే."

సగం విన్నానని, కాల్‌లో ఉండి పట్టించుకోలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు కాల్‌లో ఏం మాట్లాడానో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. ఆవిడ చెప్పింది మాత్రం పొల్లు పోకుండా గుర్తుంది. విననివాడికి ఇంతగా గుర్తుండదు.

ఎందుకు దాచానో చెప్పాలంటే, మా ఇంట్లోకి పుల్కాలు ఎలా వచ్చాయో చెప్పాలి. మాది గోదావరి పక్క ఊరు. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. ఆఫీసులో పెట్టిన హెల్త్ చెకప్‌లో నాకు షుగర్ అంచున ఉందని తేలింది. అక్కడి డాక్టరు బరువు తగ్గమని, అన్నం కాస్త తగ్గించమని అన్నాడు. నేను దాన్ని ప్రాజెక్టులా పట్టుకున్నాను. నా కంచంలో తగ్గించి ఊరుకోలేదు, ఇంట్లోంచే అన్నాన్ని తీసేశాను. పొద్దున గోధుమ రవ్వ ఉప్మా, పిల్ల బాక్సులోకి బ్రౌన్ బ్రెడ్, రాత్రికి పుల్కాలు. బియ్యం డబ్బా అటక మీదికి పోయింది. ఆదివారం మధ్యాహ్నం మాత్రం కిందికి దిగేది.

నడుం తగ్గింది. ఆఫీసులో ఫలానా టీమ్‌లో అన్నం మానేసిన మనిషి అంటే నేనే. ఆరోగ్యం పోటీలో గెలిస్తే నా ఫొటో లిఫ్టు పక్కన పెట్టారు. తెల్లాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్ళు ఆగి మరీ నన్ను అడిగేవారు, ఏం తింటున్నారు సార్ అని. నేను చెప్పేవాణ్ణి. చాలా సంతోషంగా చెప్పేవాణ్ణి.

మా ఆవిడకి పుల్కాలు చేయడం రాదు. పక్క ఫ్లాట్లో ఉత్తరాది ఆవిడ దగ్గర నేర్చుకుంది. మంట మీద పొంగించేటప్పుడు మొదట్లో రోజూ వేళ్ళు కాల్చుకునేది. పొద్దుటి పని, పిల్ల చదువు, సాయంత్రం పిండి కలపడం, అన్నీ నేను చెప్పిన పద్ధతిలోనే. ఒకటి రెండు సార్లు అడిగింది కూడా.

"ఏమండీ, దానికైనా రాత్రి కాస్త పెరుగన్నం పెడతాను. నోరు నొప్పిగా ఉందంటోంది."

"దానికో వంట, మనకో వంటా? అలవాటు పడనీ."

మా అక్క కూకట్‌పల్లి నుంచి వచ్చినప్పుడల్లా దెప్పేది. "ఒరేయ్, చపాతీలు వేడిరా. ఎదిగే పిల్ల. అన్నం పెట్టండి."

"అక్కా, వేడి, చలవ అని ఏమీ ఉండవు. అవన్నీ మన అమ్మమ్మల కబుర్లు," అనేవాణ్ణి.

అక్కతో అలా వాదించిన నేనే, డాక్టరు మాట దాచడానికి ఆ వేడినే వాడుకున్నాను. గోధుమ పిల్లకి పడటం లేదేమో అన్న మాట ఇంట్లో అంటే, మా అక్క ముందు, మా ఆవిడ ముందు, లిఫ్టు పక్కన వేలాడే నా ఫొటో ముందు నేను తల దించుకోవాలి. దాంతో పాటు కాస్త అనుమానం కూడా ఉంది. ఈ ఆస్పత్రులవాళ్ళు ప్రతిదానికీ టెస్టులు రాస్తారు కదా అని. ఉత్తరాదివాళ్ళంతా గోధుమలే తిని బతకడం లేదా అని. రెండూ కలిపి ఆ మాటని కింద పెట్టి తొక్కేశాను. పరీక్షలయ్యాయి. నేను మర్చిపోలేదు, వెళ్ళలేదు.

అన్నం మాత్రమే తిన్న చిన్నతనంలో పిల్లకి నోరు ఎప్పుడో ఒకసారి పూసేది. పుల్కాలు వచ్చాక ఎడతెగకుండా పట్టుకుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటం మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఆ సాయంత్రం తర్వాత నాకు తట్టింది, నేను చూడలేదు. ఇంట్లో ఏం చేశామంటే, బి కాంప్లెక్స్ మాత్రలు మింగించాం. సబ్జా గింజలు నానబెట్టి తాగించాం. మజ్జిగ, కొబ్బరి నీళ్ళు, పుండు మీద నెయ్యి, ఉప్పు నీళ్ళతో పుక్కిలించడం. మందుల షాపులో ఒక జెల్ ఇచ్చేవారు, రాస్తే కాసేపు నోరు మొద్దుబారేది. ఆ కాసేపట్లో పిల్ల గబగబా తినేది. పుండ్లు గుండ్రంగా, మధ్యలో పాలిపోయి, చుట్టూ ఎర్రటి గీతతో ఉండేవి. మరీ నమలలేని రోజున మా ఆవిడ పుల్కాని చిన్న ముక్కలు చేసి, గోరువెచ్చని పాలల్లో నానబెట్టి, చెంచాతో తినిపించేది. తల్లి ప్రేమతో పెట్టిన ఆ గిన్నె నా కళ్ళ ముందే లోపలికి, బయటికి తిరిగింది. నేను టేబుల్ దగ్గర కూర్చుని లాప్‌టాప్‌లో పని చేసుకుంటూ దాన్ని చూశాను.

రంజాన్ నెలలో ఆఫీసు వాళ్ళతో వెళ్ళి హలీమ్ తిని, ఇంటికీ ఒక డబ్బా తెచ్చేవాణ్ణి. పిల్లకి చాలా ఇష్టం. తర్వాత రెండు రోజులు మాట్లాడలేకపోయేది. మసాలా అనుకున్నాం. హలీమ్‌లో సగం గోధుమే కదా.

పిల్ల మాటలు తగ్గిపోయాయి. నవ్వితే పెదవి పుండుకి తగులుతుందని సగం నవ్వేది. పెదవులు ఒక పక్కకి లాగి మాట్లాడటం అలవాటైంది. స్కూల్లో చిన్నదిగా ఉందని ఎప్పుడూ ముందు వరసలో నిలబెట్టేవారు. "మన వంశంలో పొట్టివాళ్ళు లేరే," అని మా అక్క ఆశ్చర్యపోయేది. ఇంటర్ అయింది, ఇంజినీరింగ్‌లో చేరింది. రెండో ఏడాదిలో ఆన్‌లైన్‌లో ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ ఒకటి వచ్చింది. ఆ రోజు నాలుక కొన మీద పెద్ద పుండు. పక్క గదిలోంచి దాని మాటలు వినిపిస్తున్నాయి. స, ర పలకడానికి పెనుగులాడుతోంది. వాళ్ళు మళ్ళీ చెప్పండి, మళ్ళీ చెప్పండి అంటున్నారు. ఫలితం వచ్చినప్పుడు, మాట స్పష్టంగా లేదని రాశారు.

"నోరు నొప్పి నాన్నా. అందుకే," అంది.

నేనూ ఆఫీసులో అలాంటి ఇంటర్వ్యూలు చేస్తాను. మాట స్పష్టంగా లేదు అని నేనూ ఎంతోమందికి రాశాను. ఆ అలవాటుతోనే అన్నాను. "సాకులు చెప్పకు. ప్రాక్టీస్ చెయ్యలేదు, అంతే."

అది లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత నోరు పూసినా నాతో చెప్పడం మానేసింది.

చివరికి బయటపెట్టింది డాక్టరు కాదు, కాలేజీలో పెట్టిన రక్తదానం శిబిరం. స్నేహితురాళ్ళతో కలిసి తనూ వెళ్ళింది. వేలు గుచ్చి చూసిన నర్సు, "నువ్వు ఇస్తానంటున్నవు గానీ, నీకే ఎవరన్న ఇయ్యాలె," అని నవ్వి పంపించేసిందట. ఇంటికొచ్చి నవ్వుతూనే చెప్పింది. మా ఆవిడ నవ్వలేదు. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఐరన్ మాత్రలు ఇచ్చారు. నెలలు గడిచినా రక్తం పెరగలేదు. మింగిన ఐరన్ ఒంటికి పట్టడం లేదు, పేగుల్లో ఏదో ఉంది, చూపించండి అని కడుపు డాక్టరు దగ్గరికి పంపారు.

ఆయన ముందు నోరు చూశాడు. ఎన్నేళ్ళ నుంచి అని అడిగాడు. రక్తపరీక్ష చేయించాడు, తర్వాత గొంతులోంచి గొట్టం వేసి పేగు ముక్క తీయించాడు. ఫలితాలు చూపిస్తూ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. దీన్ని సీలియాక్ జబ్బు అంటారు. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం మీద శరీరం తిరగబడుతుంది, ఆ పోరులో పేగు లోపలి పొర అరిగిపోతుంది, తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గుతుంది, ఎదుగుదల ఆగుతుంది. కొందరిలో అది ముందు నోట్లోనే కనిపిస్తుంది. నోరు పూసిన ప్రతివాళ్ళకీ ఇది ఉండదు, చాలామందికి ఉండదు. కానీ ఇలా మళ్ళీ మళ్ళీ పూస్తూ, రక్తం కూడా తక్కువుంటే ఒకసారి చూడాలి. మందు లేదు. జన్మంతా గోధుమ ముట్టకపోవడమే మందు. రక్తం నిండుతుంది, నోరు మానుతుంది. పొడుగు సంగతి అడిగితే మాత్రం, ఆ వయసు దాటిపోయిందమ్మా అన్నాడు.

తర్వాత ఫైలులో రాసుకుంటూ మామూలుగా అడిగాడు. "ఇదివరకు ఎవరైనా ఈ టెస్టు చేయించమన్నారా?"

"లేదండి," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. పక్కన మా ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేనేనండీ. రోజూ నేనే చేసి పెట్టాను. నోరు నొప్పంటే పాలల్లో నానబెట్టి మరీ పెట్టాను."

"మీకు తెలియదు కదమ్మా. తెలిస్తే పెట్టేవారా?"

"లేదండీ. తెలిస్తే ఎందుకు పెడతాను?"

నేను వాళ్ళిద్దరి మధ్యా కూర్చుని ఉన్నాను. క్లినిక్‌లో మ్యూట్‌లో ఉన్నానని ఏదో సాకు చెప్పుకోవచ్చు. ఇక్కడ ఇయర్‌ఫోన్ లేదు, కాల్ లేదు. అడిగినవాడికి సూటిగా అబద్ధం చెప్పాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ పిండి డబ్బా ఖాళీ చేసింది. పెనం, అప్పడాల పీట, కర్ర, జల్లెడ అన్నీ తీసేసింది. బియ్యం డబ్బా అటక మీంచి దించింది. జొన్న రొట్టెలు నేర్చుకుంది. మా అక్క ఫోన్ చేసి, "నేను అప్పుడే చెప్పాను కదమ్మా, నువ్వు వింటేగా," అంది. ఫోన్ స్పీకర్లో ఉంది. మా ఆవిడ, "నిజమే వదినా," అంది. నేను అక్కడే సోఫాలో కూర్చుని ఉన్నాను. అక్క ఆ మాట ఒకరి దగ్గరే ఆపలేదు.

నెల రెండు నెలల్లో పిల్ల ముఖంలో రంగు వచ్చింది. అయినా నోరు పూర్తిగా మానలేదు. చిన్న చిన్నవి వస్తూనే ఉన్నాయి. ఒక శనివారం మధ్యాహ్నం, ఆస్పత్రి డైటీషియన్ ఫోన్లో మా వంటలన్నీ ఒక్కొక్కటే అడుగుతోంది.

"చారులో, పులిహోరలో ఇంగువ వేస్తారాండి?"

"వేస్తానండి. ఇంగువ లేకుండా చారేంటి?"

"డబ్బా మీద ఏమేం కలిశాయో ఒకసారి చదవండి."

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఇంగువ డబ్బా తిప్పి చదివింది. అందులో గోధుమ పిండి ఉంది. ఫోన్ పెట్టేసి, స్టవ్ పక్కన నేల మీద అలాగే కూర్చుండిపోయింది.

"నా చేతులే మంచివి కావండీ. ఎంత జాగ్రత్తపడినా నేనే పెడుతున్నాను దానికి," అంది. ఏడవలేదు. ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు.

"నీ చేతులు కాదు," అన్నాను. "నాకు ముందే తెలుసు."

చెప్పాను. గచ్చిబౌలి క్లినిక్, ఆ డాక్టరు, గోధుమ మాట, రక్తపరీక్ష, అన్నీ. ఆ రోజుల్లో పనెంత ఒత్తిడిగా ఉండేదో చెప్పాను. టెస్టుల మీద నాకు నమ్మకం లేకపోవడం చెప్పాను. గోధుమ అంటే ఎవరైనా నమ్ముతారా అని కూడా అడిగాను. మాట్లాడుతుండగా చూస్తే వంటింటి గుమ్మంలో మా అమ్మాయి నిలబడి ఉంది. చెయ్యి దవడ మీద ఉంది.

"ఆ రోజు కార్లో నేను అడిగాను నాన్నా," అంది. "ఇంతేనా అని అడిగాను."

మా ఆవిడ నేల మీంచి లేచింది. ఇంగువ డబ్బాని చెత్తబుట్టలో వేసింది.

"ఇప్పటిదాకా చెప్పినవన్నీ కారణాలే," అంది. "ఇంకేమైనా ఉందా?"

ఉంది. అది చెప్పకుండా నేను చెత్తబుట్ట మూత సరిచేశాను. తను కుక్కర్ పెట్టింది. కాసేపటికి మా అమ్మాయి మళ్ళీ వచ్చి, "అత్తతో చెప్తావా? అమ్మ వల్లే అని అందరితో అంటోంది," అని అడిగింది. చెప్తానన్నాను. ఆ వారం చెప్పలేదు, ఆ తర్వాతి వారమూ చెప్పలేదు. ఇంట్లో ఇద్దరూ నాతో అవసరమైన మాటలే మాట్లాడేవారు. చార్జర్ ఎక్కడుంది. గ్యాస్ బుక్ చేశారా. అంతే.

మొన్నీమధ్య కోకాపేటలో మా అక్కావాళ్ళు కొనుక్కున్న కొత్త ఫ్లాట్ గృహప్రవేశం జరిగింది. చాలా ఎత్తున ఉంది, బాల్కనీలోంచి చూస్తే ఔటర్ రింగ్ రోడ్డు మీద కార్లు చీమల్లా ఉన్నాయి. సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. కథ చివర్లో ప్రసాదం నిర్లక్ష్యం చేసినవాళ్ళకి ఏమైందో అందరం తలలూపుతూ విన్నాం. మా వైపు ఆ ప్రసాదం గోధుమ రవ్వతోనే చేస్తారు. బెల్లం, నెయ్యి, యాలకుల వాసన హాలంతా నిండింది. మా అక్క తనే పళ్ళెం పట్టుకుని ఒక్కొక్కరి అరచేతిలో పెడుతూ వస్తోంది.

నా చేతిలో పెట్టింది. మా ఆవిడ చేతిలో పెట్టింది. మా అమ్మాయి చేతిలో పెట్టింది. అది ప్రసాదాన్ని కళ్ళకద్దుకుని, తల్లి వైపు చెయ్యి చాపింది.

"అదేంటే? స్వామి ప్రసాదం అమ్మకిస్తావేంటి? నోట్లో వేసుకో," అంది అక్క.

"వదినా, అది గోధుమ రవ్వ కదా. దానికి పడదు," అంది మా ఆవిడ మెల్లగా.

"పడదని నాకు తెలీదా? ఒక్క చిటికెడు, దేవుడి దగ్గరిది, ఏమవుతుంది?"

"చిటికెడు కూడా వద్దన్నారు వదినా."

అక్క పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. "బాగుందమ్మా. ఏళ్ళ తరబడి పొద్దూ మాపూ పుల్కాలు కుక్కినప్పుడు లేని పట్టింపు ప్రసాదం దగ్గరొచ్చిందా? నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను, అన్నం పెట్టమ్మా, అన్నం పెట్టమ్మా అని. విన్నావా?"

ఎవరో నవ్వారు. ఎవరో, పోనీలేండి వదిన గారూ అన్నారు. మా ఆవిడ కూతురి చేతిలోంచి ప్రసాదం తీసుకుని, తన నోట్లో వేసుకుని, మింగింది. మా అమ్మాయి నా వైపు చూసింది. పిలవలేదు, సైగ చెయ్యలేదు. కార్లో ఇంతేనా అని అడిగిన రోజు చూసినట్టే చూసింది.

"అక్కా, ఆగు," అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. అర్చన సామాను సర్దుకుంటున్న పంతులు గారు కూడా తలెత్తారు. "నీ మాట విననిది తను కాదు, నేను. అన్నం పెడతానని తను నన్ను అడిగింది, వద్దన్నది నేను. ఇంట్లోకి గోధుమ తెచ్చింది నేను. ఇది కాదు అసలు సంగతి. పిల్ల స్కూల్లో ఉన్నప్పుడే ఒక డాక్టరు నాకు చెప్పింది, గోధుమ పడటం లేదేమో, పరీక్ష చేయించండి అని. నేను చేయించలేదు. ఇంట్లో చెప్పనూ లేదు. మొన్న ఇంకో డాక్టరు అడిగితే, ఎవరూ చెప్పలేదని అబద్ధమాడాను. తల్లి వంట వల్ల అని మీరందరూ అంటుంటే పక్కనే కూర్చుని విన్నాను."

"అదేంట్రా," అంది అక్క. పళ్ళెం కిందికి దిగింది.

నేను వాళ్ళిద్దరి వైపు తిరిగాను. చేతిలో ప్రసాదం జిగటగా అంటుకుని ఉంది, నమస్కారం పెట్టడానికి కూడా చేతులు కలవలేదు. ఈసారి కారణాలేవీ చెప్పలేదు.

"ఆ రోజు డాక్టరు చెప్పింది నేను పూర్తిగా విన్నాను. మీ ఇద్దరి దగ్గరా దాచాను. తల్లీ, నీ నోటి నొప్పిని సాకన్నాను. నీ ఎదుగుదల తిరిగి రాదు, ఆ ఏళ్ళు తిరిగి రావు. నువ్వు చెయ్యని తప్పు," అని మా ఆవిడతో అన్నాను, "నీ నెత్తిన పెట్టి ఊరుకున్నాను. తప్పు నాది. నన్ను క్షమించండి."